అట్లాంటిక్ దాటడానికి ఏ ఎయిర్‌లైన్? వెళ్లేటప్పుడు ఒకటి, తిరిగొచ్చేటప్పుడు ఇంకొకటి

యూరప్ నుంచి అమెరికాకో కెనడాకో టికెట్ వెతికితే స్క్రీన్ మీద ముప్పై నలభై ఆప్షన్లు వచ్చి పడతాయి. కాస్త ఆగి చూస్తే అందులో సగం ఒకే విమానానికి ఉన్న వేర్వేరు పేర్లు. డెల్టా అని ఒకటి, ఎయిర్ ఫ్రాన్స్ అని ఒకటి, వర్జిన్ అట్లాంటిక్ అని ఇంకొకటి, బయల్దేరే టైమ్ మాత్రం మూడింటికీ నిమిషం తేడా లేకుండా ఒకటే. ఇక రివ్యూలు చదవడం మొదలుపెడితే ప్రతి కంపెనీనీ ఎవరో ఒకరు ఆకాశానికెత్తేస్తుంటారు, ఇంకెవరో తిట్టిపోస్తుంటారు. అక్కడే చాలామంది విసుగొచ్చి, చవగ్గా ఉన్నది నొక్కేసి ఊరుకుంటారు.

నా మాట ముందే చెప్పేస్తా. ఈ దారిలో కంపెనీ పేరు చూసి ఎంచుకోవడం తప్పు. చూడాల్సినవి మూడు: ఏ దిక్కుకు వెళ్తున్నారు, ఆ విమానాన్ని నిజంగా నడిపేది ఎవరు, అది ఏ మోడల్ విమానం. ఈ మూడూ తేలాక చాలాసార్లు వెళ్లడానికి ఒక కంపెనీ, రావడానికి ఇంకొకటి సరైనదని తేలుతుంది, అదీ ఒకే టికెట్ మీద.

ముందు దిక్కు

లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లడానికి ఎనిమిది గంటలు పడితే, తిరిగి రావడానికి ఏడు చాలు, ఒక్కోసారి ఇంకా తక్కువే. పై ఎత్తుల్లో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలి విమానాన్ని వెనక నుంచి నెడుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 5 గంటలు కూడా పట్టకుండానే, 4 గంటల 56 నిమిషాల్లో చేరింది.

వినడానికి బాగుంటుంది గానీ నిద్రకు ఇదే చేటు. పడమరకు వెళ్లే విమానాలు ఎక్కువగా పగటిపూట బయల్దేరి అదే రోజు మధ్యాహ్నమో సాయంత్రమో దింపుతాయి, రెండు సినిమాలు చూసి ఒక కునుకు తీస్తే అయిపోతుంది. తూర్పుకు వచ్చేవి మాత్రం ఎక్కువగా రాత్రివే. ఏడు గంటల్లో భోజనం పెట్టి లైట్లు ఆర్పేసరికి గంటన్నర, దిగడానికి గంట ముందే లైట్లు వేసి టిఫిన్. మధ్యలో మిగిలేది నాలుగున్నర గంటలు. దిగేసరికి అక్కడ తెల్లవారి ఉంటుంది, మీ ఒంటికి మాత్రం ఇంకా అర్ధరాత్రే.

కాబట్టి సౌకర్యం కోసం అదనంగా పెట్టే డబ్బు ఏదైనా ఉంటే అది తూర్పు ప్రయాణానికి పెట్టండి. పగలు ఇరుకు సీటులోనైనా కూర్చోవచ్చు, రాత్రి కష్టం. లేదంటే న్యూయార్క్, బోస్టన్ లాంటి చోట్ల నుంచి లండన్‌కు పొద్దున బయల్దేరి రాత్రికి దింపే పగటి విమానాలు కొన్ని ఉన్నాయి, అవి చూడండి. ఒక రోజు పోతుంది నిజమే, కానీ మర్నాడు మనిషిలా లేస్తారు.

ఆలస్యమైతే డబ్బులు ఎవరిస్తారు

దీన్ని ఎవరూ పట్టించుకోరు, నేనూ ఒకసారి దెబ్బ తినేదాకా పట్టించుకోలేదు. యూరప్ కంపెనీ పేరుతో, యూరప్ కంపెనీ నంబరుతోనే అమెరికా నుంచి తిరుగు టికెట్ కొన్నాను. విమానం ఆరు గంటలు లేటు. పరిహారం వస్తుందిలే అని ధీమాగా అప్లై చేస్తే "ఆ విమానం నడిపింది మేం కాదు, మా అమెరికా భాగస్వామి" అని జవాబొచ్చింది. టికెట్ తీసి చూస్తే నిజమే, కింద చిన్న అక్షరాల్లో "ఆపరేటెడ్ బై" అని ఉంది. యూరప్ రూల్ ప్రకారం లెక్క నడిపే కంపెనీదే, అమ్మిన కంపెనీది కాదు.

ఆ రూల్ పేరు ఈయూ 261. యూరోపియన్ యూనియన్‌తో పాటు నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్‌లలోనూ వర్తిస్తుంది; బ్రిటన్, కెనడాల రూళ్లు వేరు, అవీ కింది పట్టికలో ఉన్నాయి. యూరప్ నుంచి బయల్దేరే విమానం ఎవరిదైనా సరే, అమెరికా కంపెనీదైనా గల్ఫ్ కంపెనీదైనా, ఈ రూల్ కిందకే వస్తుంది. యూరప్‌కు వచ్చే విమానమైతే మాత్రం నడిపేది యూరప్ కంపెనీ అయితేనే.

| ప్రయాణం | ఎవరు నడిపితే వర్తిస్తుంది | పరిహారం (3,500 కి.మీ. దాటిన దూరానికి) |
|---|---|---|
| యూరప్ నుంచి బయటికి | ఎవరైనా | 4 గంటలు, ఆపైన లేటుగా చేరితే 600 యూరోలు, 3–4 గంటలైతే 300 |
| అమెరికా, కెనడాల నుంచి యూరప్‌కు | యూరప్ కంపెనీ మాత్రమే | పైన చెప్పినంతే |
| బ్రిటన్ నుంచి బయటికి | ఎవరైనా | 520 పౌండ్ల దాకా |
| అమెరికా, కెనడాల నుంచి బ్రిటన్‌కు | బ్రిటన్ లేదా యూరప్ కంపెనీ | 520 పౌండ్ల దాకా |
| కెనడాకు, కెనడా నుంచి | ఎవరైనా (పెద్ద కంపెనీల లెక్క) | ఆలస్యాన్ని బట్టి 400, 700, 1,000 కెనడా డాలర్లు |

వాతావరణం బాగోలేకనో, కంట్రోల్ టవర్ వాళ్లు సమ్మె చేసో లేటైతే ఈ డబ్బు రాదు. విమానంలో లోపం వచ్చిందంటే యూరప్ రూల్‌లో మాత్రం సాధారణంగా వస్తుంది, కెనడాలో భద్రత కోసం ఆపామంటే ఇవ్వరు. డబ్బు రాకపోయినా యూరప్, బ్రిటన్ రూళ్లలో భోజనం, రాత్రి ఆగాల్సి వస్తే హోటల్ మాత్రం కంపెనీయే చూసుకోవాలి. ఇక అమెరికా చట్టంలో లేటైనందుకు పరిహారం అనేదే లేదు. విమానం రద్దయినా, అంతర్జాతీయ ప్రయాణంలో ఆరు గంటలకు మించి టైమ్ మారినా, మీరు వద్దనుకుంటే టికెట్ డబ్బు వెనక్కిస్తారు, అంతవరకే. అమెరికా రూల్‌లో మనకు పనికొచ్చేది ఇంకొకటుంది: ప్రయాణానికి వారం, అంతకన్నా ముందు నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర కొంటే, 24 గంటల్లోపు ఏ కోతా లేకుండా రద్దు చేసుకోవచ్చు. అందుకే నేను మధ్యలో ఉండే చవక వెబ్‌సైట్లలో వెతుకుతాను గానీ కొనేది మాత్రం కంపెనీ సైట్‌లోనే.

అంటే లెక్క ఇలా తేలింది: యూరప్ నుంచి వెళ్లేటప్పుడు ఎవరి విమానం ఎక్కినా రూల్ మీ వెనకే ఉంటుంది, ధర చూసుకోండి చాలు. వచ్చేటప్పుడు యూరప్ కంపెనీ నడిపే విమానమే ఎక్కండి.

ఇదేమంత కష్టం కాదు, ఎందుకంటే ఈ దారిలో పెద్ద కంపెనీలన్నీ మూడు జట్లుగా ఏర్పడి ఆదాయం పంచుకుంటున్నాయి. అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబేరియా, ఫిన్‌ఎయిర్, ఎయిర్ లింగస్ ఒక జట్టు. డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం, వర్జిన్ అట్లాంటిక్ రెండోది. యునైటెడ్, లుఫ్తాన్సా గ్రూపు, ఎయిర్ కెనడా మూడోది. జట్టు లోపల ఒకరి సీట్లు ఒకరు అమ్ముతారు, ధర కూడా చాలాసార్లు అంతే ఉంటుంది. పోయేది డెల్టాలో, వచ్చేది ఎయిర్ ఫ్రాన్స్‌లో అని ఒకే టికెట్ మీద పెట్టుకోవచ్చు.

పేరు కాదు, విమానం

ఎకానమీలో కూర్చునేవాళ్లకు కంపెనీల మధ్య తేడా కన్నా విమానాల మధ్య తేడా ఎక్కువ. అంగుళం వెడల్పు అంటే నవ్వొస్తుంది గానీ పక్కవాడి మోచేయి మీ పొట్టలో ఉంటుందా లేదా అనేది ఆ అంగుళమే తేలుస్తుంది.

| విమానం | వరసలో సీట్లు | సీటు వెడల్పు (సుమారు) | నా మాట |
|---|---|---|---|
| ఎయిర్‌బస్ ఎ330 | 2-4-2 | 18 అంగుళాలు | ఇద్దరికి ఇంతకన్నా మంచిది లేదు |
| బోయింగ్ 767 | 2-3-2 | 18 | పాతదే, కానీ మధ్య సీటు వరసకొక్కటే |
| ఎయిర్‌బస్ ఎ350 | 3-3-3 | 18కి కాస్త అటూ ఇటూ | నిశ్శబ్దం, గాలి బాగుంటుంది |
| బోయింగ్ 787 | 3-3-3 | 17 | గాలి బాగుంటుంది, భుజాలకు ఇరుకు |
| బోయింగ్ 777 | 3-4-3 | 17 | రాత్రికి వద్దు |
| ఎయిర్‌బస్ ఎ321 | 3-3 | 18 | చిన్న విమానం, దిగడం త్వరగా అవుతుంది |

787, ఎ350ల్లో క్యాబిన్ గాలి ఒత్తిడిని దాదాపు 6,000 అడుగుల ఎత్తులో ఉండే స్థాయిలో ఉంచుతారు, పాత విమానాల్లో అది 8,000 అడుగుల దాకా పోతుంది. దిగాక తలనొప్పి, గొంతు ఎండిపోవడం ఉండేవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది. నాకైతే 787లో గాలి నచ్చుతుంది, సీటు నచ్చదు, ప్రతిసారీ ఈ రెండిటి మధ్యా కొట్టుకుంటాను.

ఏ కంపెనీ దగ్గర ఏవున్నాయో తెలిస్తే సగం పని అయిపోతుంది. డెల్టా అట్లాంటిక్ మీద నడిపేవి ప్రధానంగా ఎ330, ఎ350, 767లు, అంటే ఏది వచ్చినా పర్లేదు. వర్జిన్‌లో ఎ330నియో, ఎ350తో పాటు 787 కూడా ఉంది. అమెరికన్‌లో ఎక్కువగా 777, 787లే. ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం, యునైటెడ్, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లలో అన్నీ కలగలిపి ఉంటాయి, కాబట్టి బుక్ చేసే ముందు ఆ రోజు ఏ మోడలో చూసుకోవాల్సిందే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎ380 దొరికితే పై అంతస్తులో ఎకానమీ 2-4-2 ఉంటుంది, అక్కడ సీటు పట్టుకోండి. ఒక మోసం మాత్రం గుర్తుంచుకోండి: ఎ350 అని కనబడగానే సంబరపడకండి, చవక కంపెనీ ఫ్రెంచ్ బీ అదే విమానంలో వరసకు పది సీట్లు, 3-4-3 పెట్టింది.

భోజనం, సినిమాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పెద్ద కంపెనీలన్నిట్లో భోజనం టికెట్‌లోనే ఉంటుంది, ఏడెనిమిది గంటలకు దాని కోసం కంపెనీ మార్చుకోనక్కర్లేదు.

పెద్ద జట్లు కాకుండా మిగిలినవి

చవక కంపెనీలు. నార్స్ అట్లాంటిక్ (అన్నీ 787లే), ఫ్రెంచ్ బీ. ఇవి మీ ప్రయాణం నేరుగా, ఒక్క విమానంతో అయిపోయేటప్పుడు బాగుంటాయి. నార్స్‌లో అన్నిటికన్నా చవక టికెట్ తీసుకుంటే సీటు కింద పట్టే సంచి తప్ప ఏమీ రాదు, బ్యాగు, భోజనం, సీటు అన్నిటికీ విడిగా కట్టాలి. అసలు భయం వేరే: వీటికి రోజుకు నాలుగు విమానాలు ఉండవు. మీది రద్దయితే తర్వాతది రెండ్రోజుల తర్వాత కావచ్చు, వేరే కంపెనీలో ఎక్కించడానికి భాగస్వాములూ తక్కువే. ఇంకో సంగతి, ఈ సముద్రం మీద చవక కంపెనీలు నిలదొక్కుకోవడం కష్టం. ప్రైమెరా 2018లో, వావ్ 2019 మార్చిలో మూతపడ్డాయి, నార్వేజియన్ 2021లో దూర ప్రయాణాలు మానేసింది, ప్లే 2025 సెప్టెంబర్‌లో ఒక్కసారిగా ఆగిపోయింది. అలాగని కొనొద్దు అనను, క్రెడిట్ కార్డుతో కొనండి, ఏడాది ముందు మాత్రం కొనకండి.

మధ్య రకం. ఐస్‌లాండ్‌ఎయిర్, ట్యాప్ పోర్చుగల్, ఎయిర్ లింగస్ (మొదటి జట్టులోదే అయినా దీని తీరు ఇదే). నాకు ఇష్టమైన గుంపు ఇదే. ఐస్‌లాండ్‌ఎయిర్ ప్రయాణాన్ని రెండు ముక్కలు చేస్తుంది, దారిలో ఐస్‌లాండ్‌లో ఏడు రోజుల దాకా ఆగినా విమాన ఛార్జీ పెరగదు. ట్యాప్ లిస్బన్‌లో గానీ పోర్టోలో గానీ పది రోజుల దాకా ఆగనిస్తుంది. ఐస్‌లాండ్‌ఎయిర్ ఎకానమీలో భోజనం కొనుక్కోవాలి, రాత్రి ప్రయాణం రెండు ముక్కలైతే నిద్ర కూడా రెండు ముక్కలే.

ఎయిర్ లింగస్‌కు ఇంకో లాభం ఉంది. ఐర్లాండ్‌లోని డబ్లిన్, షానన్ విమానాశ్రయాల్లో అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ ఎక్కకముందే అయిపోతాయి. అమెరికాలో దిగాక లోకల్ ఫ్లైట్ దిగినట్టే బ్యాగు తీసుకుని బయటికి నడవొచ్చు. ఇది ఎయిర్ లింగస్ ఒక్కదానికే కాదు, అక్కడి నుంచి అమెరికా వెళ్లే అమెరికా కంపెనీల ప్రయాణికులకూ అంతే. కాకపోతే డబ్లిన్‌లో ఆ క్యూ కోసం టైమ్ ఉంచుకోవాలి, గంట కనెక్షన్ పెట్టుకుని పరుగెత్తడం వద్దు.

వింత రకం. మిలాన్–న్యూయార్క్, ఏథెన్స్–న్యూఆర్క్ (న్యూయార్క్ పక్కనే ఉన్న విమానాశ్రయం) మధ్య ఎమిరేట్స్, ఫ్రాంక్‌ఫర్ట్–న్యూయార్క్ మధ్య సింగపూర్ ఎయిర్‌లైన్స్ నడుస్తాయి. సర్వీసు బాగుంటుంది. తిరుగు ప్రయాణంలో ఈయూ 261 మాత్రం వర్తించదు, రెండూ యూరప్ కంపెనీలు కావు కదా. మొత్తం బిజినెస్ క్లాసే ఉండే లా కంపానీ అని ఒకటుంది, ఎ321నియోలో 76 సీట్లు, ప్యారిస్–న్యూఆర్క్ ప్రధాన దారి. బిజినెస్ క్లాసే కావాలి, పెద్ద కంపెనీల ధర చూసి గుండె ఆగుతోంది అనేవాళ్లు దాని రేటు ఒకసారి చూడాలి.

ధర అంటే ఏది

ఉదాహరణకు ఒకచోట 300 డాలర్లు, ఇంకోచోట 400 అని కనిపించిందనుకోండి. 300 దాంట్లో చెక్-ఇన్ బ్యాగు లేదు, సీటు ఎంచుకోవడం లేదు. రెండు వైపులా బ్యాగు, సీటు, భోజనం కలిపితే అదే 470 అవుతుంది. పెద్ద కంపెనీలు తక్కువేం తినలేదు, బేసిక్, లైట్ అని పేర్లు పెట్టి అమ్మే టికెట్లలో చెక్-ఇన్ బ్యాగు ఉండదు, మార్పులకు ఒప్పుకోరు, ఒప్పుకున్నా కోత. క్యాబిన్ బ్యాగు ఒక్కటే తీసుకెళ్లేవాళ్లకు బేసిక్ చాలు, మిగిలినవాళ్లు బ్యాగు కలిపే పోల్చాలి.

లండన్ నుంచి బయల్దేరితే ఇంకో పోటు ఉంది. బ్రిటన్ నుంచి ప్రయాణం మొదలుపెట్టేవాళ్ల దగ్గర ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ అనే పన్ను వసూలు చేస్తారు, ప్రీమియం ఎకానమీ, బిజినెస్ అయితే ఎకానమీకి రెట్టింపు పైనే. ఎకానమీలో 16 ఏళ్లు నిండని పిల్లలకు లేదు. బ్రిటన్‌లో దిగడానికి ఆ పన్ను లేదు, ఒకే టికెట్ మీద 24 గంటల్లోపు విమానం మారిపోయేవాళ్లకూ లేదు. ఐర్లాండ్‌లో ఇలాంటి పన్ను 2014లోనే తీసేశారు. అందుకే బిజినెస్ క్లాసుకు డబ్లిన్ నుంచి ధర చూసుకునేవాళ్లు ఎక్కువ. కానీ దాని కోసం డబ్లిన్‌కు విడి టికెట్ కొని, ఆ మొదటి విమానం లేటై రెండోది పోతే ఎవరూ జవాబుదారీ కాదు. అలా చేస్తే ముందు రోజే వెళ్లి పడుకోండి.

కనెక్షన్ సముద్రానికి ఇవతలా, అవతలా

నేరుగా వెళ్లే విమానం లేకపోతే ఎక్కడ మారాలి అనేది అసలు ప్రశ్న. అమెరికాలో మారితే, మీరు దాటి వెళ్లిపోయేవాళ్లయినా సరే, సాధారణంగా మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్ అవ్వాలి, బ్యాగు తీసుకుని మళ్లీ ఇవ్వాలి, మళ్లీ సెక్యూరిటీ. గంటన్నర కనెక్షన్ అక్కడ జూదమే, మూడు గంటలు పెట్టుకోండి. యూరప్‌లో మారితే ఆ బాధ తక్కువ, బ్యాగు నేరుగా వెళ్లిపోతుంది. కానీ అక్కడ సముద్రం దాటే విమానం తప్పితే మర్నాటి దాకా ఇంకోటి ఉండకపోవచ్చు, అమెరికాలో అయితే లోపలి ఊళ్లకు రోజుకు నాలుగైదు ఉంటాయి. నా ఓటు యూరప్‌లో మారడానికే, రెండు గంటలు చేతిలో ఉంచుకుని.

పాస్‌పోర్టును బట్టి ఇక్కడ ఇంకో చిక్కు. కొన్ని దేశాలవాళ్లకు బ్రిటన్‌లోనో షెంగెన్ దేశాల్లోనో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాలు) విమానం మారడానికే ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికా, కెనడాలలో మారడానికి కూడా ముందస్తు అనుమతో వీసానో ఉండాలి. రెండు షెంగెన్ విమానాశ్రయాల మీదుగా వెళ్తే మొదటి దాంట్లోనే షెంగెన్‌లో అడుగుపెట్టినట్టు లెక్క. టికెట్ కొన్నాక కాదు, కొనకముందు చూడండి.

ఇంతకీ ఎవరికి ఏది

చిన్న పిల్లలతో వెళ్లే జంటకు ఎ330 లేదా 767, పెద్ద కంపెనీ, నేరుగా వెళ్లేది. నెలల బిడ్డ ఉంటే బాసినెట్ సీటు (ముందు పాప తొట్టె తగిలించేది) కంపెనీకి ఫోన్ చేసి మరీ అడిగి పెట్టించుకోవాలి, విమానానికి కొన్నే ఉంటాయి. ఒడిలో కూర్చునే పాపకు కూడా ఈ దారిలో టికెట్ ఉంటుంది, సాధారణంగా పెద్దవాళ్ల ధరలో పదో వంతు.

ఒంటరిగా, ఒక సంచితో, తేదీలు ఎటైనా మార్చుకోగలిగే కుర్రకారుకు చవక కంపెనీలు హాయి. వెళ్లేటప్పుడు నార్స్, వచ్చేటప్పుడు ఐస్‌లాండ్‌ఎయిర్‌లో ఆగుతూ రావచ్చు. ఆఫీసు పని మీద వెళ్లి, దిగిన పూటే మీటింగులో కూర్చోవాల్సినవాళ్లు వీలైతే ముందు రోజు పగటి విమానం పట్టుకోండి, లేదా తూర్పు వైపు మాత్రమే ప్రీమియం ఎకానమీ తీసుకోండి. ఎకానమీలో 31 అంగుళాలుండే సీటుకూ సీటుకూ మధ్య దూరం అందులో 38 దాకా ఉంటుంది, సీటు కూడా ఇంకాస్త వెనక్కి వాలుతుంది. పొడుగ్గా ఉండేవాళ్లకూ ఇదే సలహా. బిజినెస్ మాత్రం ఏడు గంటల కోసం నా డబ్బుతో నేను కొనను, ఎయిర్‌లైన్ దగ్గర పోగేసుకున్న పాయింట్లుంటే వేరే మాట. అప్పుడు కూడా బ్రిటిష్ ఎయిర్‌వేస్ పాయింట్ల టికెట్ల మీద వేసే సర్‌ఛార్జీ ఎంతో చూసుకోండి.

మొదటిసారి వెళ్తున్న పెద్దవాళ్లకు మాత్రం ధర చూడకండి. నేరుగా వెళ్లే విమానం, లేదా డబ్లిన్‌లో తీరుబడిగా మారేది. వీల్‌చైర్ ముందే బుక్ చేయండి, నడవగలిగినా సరే, ఆ పొడవాటి టెర్మినళ్లలో దారి చూపే మనిషి తోడుంటారు.

ఏది కొన్నా, ప్రయాణానికి నెల ముందు ఒకసారి బుకింగ్ తెరిచి సీట్ల మ్యాప్ చూడండి. ఎ330 అని కొంటే అది మెల్లగా 777 అయి కూర్చోవచ్చు, మీ ఇద్దరి వరస మాయమైపోవచ్చు. బయల్దేరే టైమ్ కూడా బాగా మారిపోయి ఉంటే అదీ మంచికే: అప్పుడు ఫోన్ చేసి ఇంకో విమానానికి మార్చమంటే చాలాసార్లు డబ్బు అడక్కుండానే మారుస్తారు.